జానమ్మ చెయ్యి

"ఇనప బద్ద అబద్ధం చెబుతుందా అమ్మా?" బట్టల కొట్టువాడి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

"బద్దకేం తెలుసు పాపం! కొలిచినప్పుడల్లా మీ బొటనవేలే వెనక్కి నడుస్తోంది," అంది పెద్దకోడలు. గుడ్డ బల్లమీద పరిచి, బొటనవేలు ఒక కొసనా చిటికెనవేలు ఒక కొసనా చాచి, జాన వెంట జాన వేసుకుంటూ పోయింది. "జానెడు తక్కువ. ఇప్పుడు ఆ వేలు తీసి కొలవండి చూద్దాం."

కొలిచాడు. జానెడు తగ్గింది. కొట్లో జనం గొల్లుమన్నారు. వాడు తానులోంచి కొత్తగా చింపి ఇచ్చాడు.

ఆ ఇంటికి కొత్తగా వచ్చిన చిన్నకోడలు సంచి పట్టుకుని వెనకే నిలబడి అంతా చూసింది. అత్తగారిని ఖాతరు చెయ్యని ఆ పిల్ల ఆనాటినుంచి తోడికోడలి మాట జవదాటలేదు.

అందరూ పెద్దకోడలిని జానమ్మ అనేది ఆ చేతివల్లే. టేపు ముట్టేది కాదు. మనిషిని గుమ్మంలో నిలబెట్టి ఒక్క చూపు చూసి, చొక్కా ఎన్ని జానలో, చేతులు ఎన్ని జానలో చెప్పేసేది. చూపు చెప్పిన లెక్కను చెయ్యి గుడ్డమీద వేసేది. భర్త పోయాక ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, ఎవరి ముందూ చెయ్యి చాచకుండా కొడుకును పెంచింది. చేతివాటం ఎరగని మనిషి. కత్తిరించగా మిగిలిన పీలికలు కూడా మూటగట్టి బట్టలతోపాటే ఇచ్చేసేది. కొడుక్కి పని నేర్పబోతే వాడు నాలుగు రోజులకే చేతులెత్తేశాడు. పైగా టేపు కొనుక్కొచ్చాడని వాడిమీద చెయ్యి చేసుకుంది కూడా. వాడు లారీల కంపెనీలో చేరిపోయాడు. చిన్నకోడలు కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. కత్తెర మాత్రం జానమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ముసలితనం అందరికీ మోకాళ్ళలో దిగితే ఆమెకు వేళ్ళ కణుపుల్లో దిగింది. కణుపులు ఉబ్బాయి. చిటికెనవేలు లోపలికి వంగింది. కుట్టిన గౌన్లు పొట్టిగా రాసాగాయి.

"గుడ్డ నీళ్ళలో ముడుచుకుంది," అనేది జానమ్మ. ఇంకోసారి, "ఈ కాలం పిల్లలు తెల్లారేసరికి పెరిగిపోతున్నారు. తిండి తగ్గించండమ్మా!" అనేది. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు. చిన్నకోడలూ నవ్వేది. ఆ చేతిని శంకించాలన్న ఊహే ఆమెకు రాలేదు.

అలాంటి రోజుల్లో పోస్ట్‌మాన్ భార్య, చనిపోయిన మొగుడి ఉన్ని కోటు పట్టుకొచ్చింది. "మావాడికి ఉద్యోగం వచ్చింది. వాళ్ళ నాన్న కోటు వాడి ఒంటికి తగ్గించి కుట్టండమ్మా. ఆయనదంటూ మిగిలింది ఇదొక్కటే."

జానమ్మ కుర్రాణ్ణి గుమ్మంలో చూసింది. లెక్క చెప్పింది. కత్తిరించింది.

వేసుకుని చూస్తే మణికట్టు దాటి బెత్తెడు చెయ్యి బయటే ఉంది. ఇక దెబ్బలాట తప్పదని చిన్నకోడలు కొంగు బిగించింది. ఆ తల్లి దెబ్బలాడలేదు. లాగితే సాగుతుందేమోనన్నట్టు కోటు చేతి అంచును కిందికి లాగింది, మళ్ళీ లాగింది. పీలికల మూట విప్పి చూసింది. అతకడానికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు.

"పర్లేదులెండమ్మా, ఇంట్లో వేసుకుంటాడు," అని మడతపెట్టుకుని వెళ్ళిపోయింది.

జానమ్మ లేచి కత్తిరింపు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ బల్ల ఆమె చేతికి సరిగ్గా ఆరు జానలు. అది ఇంట్లో అందరికీ తెలుసు. చెయ్యి వేసుకుంటూ పోయింది. ఆరో జాన అయిపోయింది. బల్ల అవలేదు.

"బల్ల కూడా ఈ కాలం పిల్లల్లా పెరిగినట్టుందే," అంది.

చిన్నకోడలికి నవ్వు రాలేదు. "టేపు తెప్పిద్దామక్కా. నేను కొలుస్తా, నువ్వు కత్తిరిద్దువుగాని."

"కత్తెర తెరవడానికి వేళ్ళేవే?" కత్తెరను పాత గుడ్డలో చుట్టి పెట్టె అడుగున పడేసింది. "అడిగినవాళ్ళకి జానమ్మకి కళ్ళు పోయాయని చెప్పు. చెయ్యి తప్పిందని మాత్రం అనకు."

"నీ కళ్ళకేం రోగం? వీధి మలుపులో వచ్చేదెవరో ఇక్కడ కూర్చునే చెబుతావు కదా!"

"అందుకేనే చెప్పేది. రేపట్నుంచి గడప దాటితే నా చెయ్యి పట్టుకుని నడిపించు. లేకపోతే ఎవరూ నమ్మరు."