సుశీలక్క వెళ్లని ప్రారంభోత్సవం

వానాకాలంలో వరోరా దుకాణం షట్టర్ ఎత్తగానే తడిసిన అట్టపెట్టెల వాసన, దగ్గుమందు తీపి కలిసి మొహానికి తగులుతాయి. లైటు వేయకుండా కాసేపు ఆ మసకలోనే నిలబడతాను. సుశీలక్క లోపలి అరల మధ్య ఎక్కడో ఉన్నట్టే, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఏదో మందు వెతుకుతున్నట్టే అనిపిస్తుంది. ఆమె పోయి రెండేళ్లయింది.

మీరు ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, నేత చీర, నడకలో తొందర. భర్త సాస్తి బొగ్గుగనిలో పనిచేసేవాడు. ఆమె ఫార్మసీ చదివి, కార్మికుల కాలనీ పక్కన ఒక్క గదిలో మందుల దుకాణం పెట్టింది. గని మనుషులు తెలుగులో, బజారు మనుషులు మరాఠీలో బాధ చెప్పుకుంటే, ఏ గోలీ ఎప్పుడు మింగాలో ఎవరి మాటలో వాళ్లకు విడమరిచేది. ఆ గది నుంచి చంద్రపూర్ బజారుకు, తర్వాత రాజురాకు, ఉప్పర్వాహికి ఆమె దుకాణాలు పాకాయి. ఫార్మసీ చదివి కూడా బిడ్డ పుట్టాక ఇంటిపట్టునే ఉండిపోయిన నన్ను పిలిచి చంద్రపూర్‌లో పని ఇచ్చింది. "సదివిన సదువు పెట్టెల వెట్టి తాళమేస్తే చెదలు వడ్తది పద్మా" అంది.

వరోరాలో ఐదో దుకాణం తెరిచే రోజు అది. పత్తి ఏరే కాలం. అక్కడ పూలదండలు, మిఠాయిలు, పిలిచిన పెద్దమనుషులు ఎదురుచూస్తున్నారు. సుశీలక్క కొత్త చీర కట్టుకుని చంద్రపూర్ దుకాణం ముందు కారెక్కబోతుండగా దగ్గరికి వెళ్లాను.

"అక్కా, పొద్దున పోసవ్వకు షుగరు గోలీలు తప్పిచ్చిన. ఒక మిల్లీగ్రాముది ఇయ్యాల్సింది, నాలుగుది ఇచ్చిన."

పోసవ్వ రాజురా అవతలి పల్లె నుంచి నెలనెలా వచ్చే ముసలామె.

"ఏసుకున్నదా?"

"తెల్వదు. కొడుకు ఫోన్ ఎత్తుతలేడు."

"ఎక్కు" అంది సుశీలక్క.

వరోరా ఒక దిక్కు, పోసవ్వ ఊరు ఇంకో దిక్కు. ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కలలాగే గుర్తుంది. బొగ్గు లారీలు లేపిన దుమ్ములో ఎండ బూడిదరంగుకు తిరిగింది. వార్ధా నది దాటి ఇంకా పోగా పోగా, ఉన్నట్టుండి రెండువైపులా తెల్లటి పత్తిచేలు. వాటిలో మనుషులు నీళ్లలో నడుస్తున్నంత మెల్లగా కదులుతున్నారు. దారిలో ఒక చాయ్ బండి దగ్గర ఆగి సుశీలక్క చక్కెర పొట్లం కట్టించుకుంది. షుగరు పడిపోయి ఉంటే నోట్లో వేయడానికి. ఆమె ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి ఎత్తి, "రిబ్బన్ మీరే కత్తిరియ్యిండ్రి, నేను వస్తలేను" అని పెట్టేసింది.

మేం వెళ్లేసరికి పోసవ్వ చేను గట్టున సద్ది విప్పుతోంది. గోలీల పట్టీ కొంగుముడిలో ఉంది. ఒక్కటీ తగ్గలేదు.

"బువ్వకు ముందుగాల ఏసుకొమ్మన్నది గదా ఈ పిల్ల. గిప్పుడే ఏసుకుందామనుకున్న" అంది.

కంపెనీ మారిందనో, పాత సరుకు అనో సుశీలక్క ఏదో ఒకటి చెప్పి తప్పిస్తుందనుకున్నాను. ఆమె కొత్త చీరతో ఆ మట్టిలోనే పోసవ్వ ఎదురుగా కూర్చుంది. "మాదే తప్పు అవ్వా. గియ్యి ఏసుకుంటే నీ పానం మీదికి వచ్చేది" అని, ఆ పట్టీ తీసుకుని, వెంట తెచ్చిన సరైన గోలీ తన చేత్తోనే మింగించింది. పోసవ్వ జొన్నరొట్టె తుంచి మా చేతుల్లో పెట్టి, "గింత దూరం వచ్చిండ్రు, తినుండ్రి" అంది.

తిరుగుదారిలో సుశీలక్క కిటికీలోంచి చూస్తూ, "వరోరా దుకాణం నువ్వు సూస్కో" అంది.

"నేనా? ఇయ్యాల్నే గిట్ల జేసిన గదక్కా!"

"జేసినవ్. దాసుకోకుంట జెప్పినవ్. నాకు గట్లాంటి మనిషే గావాలె."

ఆ మాట మీదే నా బతుకు నిలబడింది. కానీ ఆమెకు నేను చెప్పనిది ఒకటుంది. తప్పు జరిగిందని నాకు గంట ముందే తెలుసు. ఆ గంటసేపూ ఎవరికీ తెలియదులే అనుకుంటూ, తుడిచిన అరలే మళ్లీ తుడుస్తూ నిలబడ్డాను. ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలెవరైనా తప్పు చేసి, తలవంచుకుని వస్తే, అది ఎప్పుడు తెలిసిందని మాత్రం అడగను. ముందు బయల్దేరతాను.