మురళి అన్నను గ్రూపులోంచి తీసేసింది నేనే

నిన్న పొద్దున ఏ. పళ్లిపట్టిలో నా ఎరువుల అంగడి షట్టర్ ఎత్తుతున్నాను. ఫోన్ మోగింది. మన ధర్మపురి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో మెసేజ్. తమిళ అక్షరాల్లో, మన తెలుగులో.

"సెల్ రిపేర్ మురళి పోయినాడు."

ఎక్కడికి పోయాడు అనుకున్నాను. నిజంగా. స్పేర్ పార్టుల కోసం బెంగళూరు బస్సు ఎక్కి ఉంటాడనుకున్నాను.

తర్వాత వరసగా దండం బొమ్మలు వచ్చాయి. అంగడి మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను.

ధర్మపురి బస్టాండు దగ్గరి సందులో తన రిపేర్ టేబుల్ ముందు, ఎవరిదో ఫోన్ విప్పుతూ పక్కకు ఒరిగిపోయాడట. ఆస్పత్రికి చేరేసరికే ప్రాణం లేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. అన్న బతుకుతెరువు సెల్‌ఫోన్ రిపేర్. ప్రాణమంతా రాయడం మీదే. ఫేస్‌బుక్‌లో రోజుకో పోస్ట్. కొత్త ఫోన్, ఎలక్షన్ హామీలు, సినిమా టికెట్ రేటు, పిల్లల్ని తిట్టడానికి మాత్రమే తెలుగు వాడే మన ఇళ్లు. అన్నిటి మీదా ఆయనకు ఒక ఒపీనియన్ ఉండేది. అది మెత్తగా ఎప్పుడూ ఉండేది కాదు.

ఊరి కోసం తమిళంలో రాసేవాడు. మనలో చాలామందికి తెలుగు చదవడం రాదు కాబట్టి మన కోసం గ్రూపులో తెలుగులో వాయిస్ పెట్టేవాడు. నేను ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు ఆయన నేర్పినవే. చదవగలిగినవాళ్లు ఇంట్లో మిగతావాళ్లకు చదివి వినిపించండి.

ఒకసారి సేలం నుంచి ఒక లెక్చరర్ ఆయన్ను చూడాలని వచ్చాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్న అన్ననే, రాసే సార్ ఎప్పుడు వస్తారని అడిగాడు. అన్న స్టూల్ చూపించాడు. చేతిలోని ఫోన్ మూత బిగించి, చేతులు తుడుచుకుని, వచ్చేశాను చెప్పండి అన్నాడట.

తప్పులూ రాసేవాడు. స్కాన్ చేసి డబ్బు కట్టే పద్ధతి మన ఊళ్లలో ఏడాది కూడా నిలవదని వాదించాడు. నిలిచింది. ఆ స్కాన్ స్టిక్కర్ తన అంగడికే అంటించి, పక్కన నిలబడి ఫోటో తీసుకుని, "నేను రాసింది తప్పు" అని పోస్ట్ చేశాడు.

నాకు అంత ధైర్యం లేదు. ఆయన చదవలేని రోజున రాస్తున్నాను.

మూడేళ్ల కింద ఒక టమాటా యాప్ వచ్చింది, గుర్తుందా? పొలం దగ్గరికే వచ్చి కొంటామన్నారు. మన వాళ్లు చాలామంది ఏజెంట్లయ్యారు. నేనూ అయ్యాను. మా చుట్టుపక్కల రైతుల్ని నేనే చేర్పించాను.

అన్న ఆ ఇంగ్లీష్ షరతులన్నీ కూర్చుని చదివాడు. పోస్ట్ పెట్టే ముందు నాకు ఫోన్ చేశాడు.

"తమ్ముడూ, ముందు నీకే చెప్తా ఉండా. వాళ్లకి వద్దనుకున్న రోజు కొనరు. రైతు మాత్రం ఇంకొకరికి అమ్మకూడదంట. చదివినావా నువ్వు?"

చదవలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసి, నీకు కుళ్లు అన్నాను. ఆయన ఫోన్ కట్ చేశాడు. మరుసటిరోజు పోస్ట్ పెట్టాడు. నా పేరు ఎక్కడా లేదు.

పెద్దలకు కోపం వచ్చింది. మన వాళ్ల వ్యాపారాన్ని మనవాడే చెడగొడతాడా అన్నారు. గ్రూప్ అడ్మిన్ నేను. తీసేయమన్నారు. తీసేశాను. ఒక్క బటన్.

అంతటితో ఆగలేదు. మన వాళ్లు ఆయన అంగడికి పోవడం మానేశారు. రోడ్డు మీది అంగడి ఖాళీ చేసి, సందులో ఒక జెరాక్స్ అంగడిలో టేబుల్ వేసుకున్నాడు. రాయడం మాత్రం ఆపలేదు.

రెండో పంటకు, కాయ ఎర్రబడి చేలో ఉండగా, యాప్‌లో ఒకటే మాట. ఈరోజు కొనుగోలు లేదు. మరుసటిరోజూ అదే. వారమంతా అదే. కంపెనీ నంబర్ పలకలేదు. మార్కెట్‌కు తీసుకుపోదామంటే రైతులకు ఆ షరతుల కింద పెట్టిన సంతకాల భయం.

మారియప్పన్ అనే రైతు ట్రాక్టర్ నిండా కుళ్లిన టమాటా తెచ్చి నా అంగడి ముందు పోసి వెళ్లిపోయాడు.

మరుసటిరోజు బస్సు దిగి మురళి అన్న వచ్చాడు. పోస్ట్ పెట్టలేదు, నేను అప్పుడే చెప్పానని అనలేదు. నా అంగడి మెట్ల మీదే కూర్చుని ఒక్కొక్క రైతుకూ కలెక్టర్ ఆఫీసుకు అర్జీ రాసిచ్చాడు. సాయంత్రం దాకా. నేను టీ ఇచ్చాను. తాగాడు.

క్షమించమని అడగలేకపోయాను.

అర్జీలకు రసీదులు వచ్చాయి. ఇంకేమీ రాలేదు. మారియప్పన్ ఆవులను అమ్మేసి బెంగళూరులో కట్టడం పనికి పోయాడు.

అన్నను మళ్లీ గ్రూపులో చేర్చలేదు. చేర్చితే అసలు ఎందుకు తీసేశానో అందరి ముందూ చెప్పాల్సి వస్తుంది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ రెండేళ్లు గడిపేశాను.

ఈరోజు మధ్యాహ్నం దహనం అయింది. గ్రూపులో దండాలు పెట్టినవాళ్లలో వచ్చింది ఆరుగురం. తిరిగి వస్తూ అన్న ఇంటి దగ్గర ఆయన భార్య కమల వదిన ముందు నిలబడ్డాను. అన్నకు నా మీద కోపం ఉండేదా అని అడిగాను.

వదిన నా వైపు తిరిగింది.

"ఆయనకి లేదు. నీ అంగడి గురించి అడుగుతానే ఉండినాడు. నాకు ఉంది. నువ్వు ఇంక పో."

వచ్చేశాను.

మురళి అన్నా, ఇక ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేదు నీకు. నిమ్మళంగా ఉండు.