వాచీ కోసం ఊపిన చెయ్యి

వికారాబాద్ నుంచి తాండూరు పోయే బస్సులో ఒకామె ఊరికే చెయ్యి ఊపుతూ కూర్చుందని, పిచ్చిదని, నేను చాలామందికి నవ్వుతూ చెప్పాను. ఆమె పిచ్చిది కాదు.

నా పక్కనే కూర్చుని, మాటిమాటికీ చేతి వాచీ చూసుకుంటూ ఊపుతోంది. "చెయ్యి నొస్తుందామ్మా?" అని అడిగాను.

"కాలరీల కోసమన్నా. పొద్దుగూకంగ మా ఆయన వాచీ చూస్తడు. ఆయన చెప్పినన్ని కరగకుంటె నన్ను రొట్టె ముట్టనియ్యడు. నేను లావుగున్ననని ఆయనకు సిగ్గంట."

"ఊరికే ఊపితే కరుగుతాయా?"

"కరగయ్‌గని, గీ వాచీకి గా తెల్వి లేదు. జొన్నరొట్టెలు కొడుతుంటె గూడ నడిచినట్టే లెక్కేస్తది. దినాం గట్లనే ఎల్లదీస్తున్న. ఇయ్యాల మా అమ్మను చూడవోయిన, రొట్టెలు చెయ్యలే."

ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపటికి ఆమె వాచీ విప్పి నా ముందు పట్టింది.

"చెయ్యి గుంజుతుందన్నా. తాండూరు దాంక జర నువ్వు ఊపవా?"

వెనక సీట్లవాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. నేను చేతులు కట్టుకుని ముఖం తిప్పుకున్నాను.

ఆమె వాచీని రెండో చేతికి కట్టుకుని మళ్లీ ఊపడం మొదలుపెట్టింది.