వేపాకు తాడుకు ఇవతల

నాగపూర్‌లో ఇంటర్ ముగించి ఇంటికి వచ్చిన ఎండాకాలంలో నాకు రెండు చోట్ల పశువైద్యం సీటు వచ్చింది. ఒకటి జబల్‌పూర్‌లో. అప్పటికి సిరోంచ మధ్యప్రదేశ్‌లో ఉంది కాబట్టి అది మా రాష్ట్రపు సీటు. రెండోది హైదరాబాద్‌లో. ప్రాణహిత నది అవతలి ఒడ్డున, హైదరాబాద్ రాష్ట్రంలో ఉండే మేనమామ తన ఇంటి చిరునామాతో పెట్టించిన దరఖాస్తుకు వచ్చింది. మా ఊరు సిరోంచకు ఎగువన, నదిని ఆనుకొని ఉంటుంది. నాయన ఆ ఊరి పటేలు.

మామ పడవ దిగి వచ్చిన ప్రతిసారీ అరుగు మీద నాయనతో అదే పంచాయితీ.

"జబల్‌పూర్ల అంతా హిందీ. పిల్లగాడు పరేషాన్ అయితడు," అనేవాడు మామ.

"నాగపూర్ల ఏమన్న తెలుగుల సదివిండా?"

"మా దిక్కు సదివితే పండుగకన్న మా అక్క మొకం సూస్తడు బావా."

"మీ దిక్కు సదివితే మీ దిక్కే నౌకరి. మా పసులకు రోగమొస్తే పడవెక్కించి నీ ఊరికి తోలాల్నా?"

అమ్మ లోపలి నుంచి, "మీరిద్దరు తేల్చేటాల్లకు వాడే ముసలెద్దయితడు," అనేది.

నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేవాణ్నో ఇప్పటికీ తెలియదు.

మొదటి వానలు పడ్డాక నాయన మెత్తబడి హైదరాబాదే అన్నాడు. అమ్మ నా బట్టలు ట్రంకుపెట్టెలో సర్దింది. నది దాటితే మామ ఊరు, అక్కణ్నుంచి మంచిర్యాల, అక్కడ రైలు.

ఆ వారంలోనే పెద్దరోగం వచ్చింది. సంత నుంచి కొత్తగా తోలుకొచ్చిన ఆవు ఒకటి మేత మానేసింది. కళ్ల నుంచి చీము, నోటి నిండా పుండ్లు, నీళ్లలాంటి పారుడు. అది చచ్చేలోపే పక్కన కట్టేసిన రెండు ఎద్దులూ పడ్డాయి.

మా దిక్కు పశువులకు పెద్దరోగం వస్తే ఊరు కడతారు. ఊళ్లోకి వచ్చే ప్రతి బాటకూ అడ్డంగా వేపాకు గుచ్చిన తాడు కడతారు. తాడు ఉన్నన్నాళ్లూ లోపలి కాలు బయటికి పోదు, బయటి కాలు లోపలికి రాదు. ఒక సంత నుంచి మరో సంత దాకా కొత్తగా ఏ పశువూ పడకపోతే విప్పుతారు. ఒక్కటి పడినా మళ్లీ మొదటి నుంచి. కట్టేది పటేలు, విప్పేది పటేలు.

నాయన కట్టాడు.

నన్ను తీసుకుపోవడానికి మామ వచ్చాడు. సిరోంచ రేవులో దిగినప్పుడే సంగతి విన్నాడేమో, అక్కడి పశువుల డాక్టరును టీకామందు పెట్టెతో సహా వెంట తెచ్చాడు. ఇద్దరూ తాడుకు అవతల గొడుగులు పట్టుకొని నిలబడ్డారు. ఇవతల నాయన, ఆయన వెనక నేను, నా వెనక ఊళ్లో సగం మంది.

"బావా, డాక్టర్ సాబ్‌ను జర లోపలికి రానియ్. ఇంకా పడని పసులకు సూది ఏస్తడు."

"ఎన్ని ఊర్ల పసులను ముట్టిన చేతులో. కట్టు విప్పినంక రమ్మను."

విప్పే నాటికి ఏం మిగులుతాయని డాక్టరు మరాఠీలో అడిగాడు. నాయన మరాఠీలోనే, మర్యాదగానే, కాదని దండం పెట్టాడు.

"పోనీ పిల్లగాన్నన్న ఇడువు," అన్నాడు మామ. "గీ పసుల కోసమే గదా సదువ పోతుండు."

నాయన వెనక్కి తిరిగి చూశాడు. నన్ను కాదు, నా వెనక ఉన్నవాళ్లను.

"నా కొడుకును ఇడిచినంక రేపు ఆళ్ల కొట్టంల ఎద్దు పడితే నన్నేమంటరు? నువ్వే చెప్పు."

డాక్టరు పెట్టె తడవకుండా గొడుగు కిందికి జరుపుకొన్నాడు. కాసేపటికి ఇద్దరూ వెళ్లిపోయారు.

హైదరాబాద్ గడువు దాటింది. జబల్‌పూర్‌కు ఇంకా కొంత వ్యవధి ఉంది. ఇంట్లో మళ్లీ దాని మాట మొదలైంది. కానీ ప్రతి సంతకు ముందు ఎవరి కొట్టంలోనో ఒకటి పడేది. ఊరి పశువులన్నీ ఒకే రేవులో నీళ్లు తాగేవి. రేవుకు తాడు కట్టరు.

ఒక సంత దాటాక కొత్తగా ఏదీ పడలేదు. తర్వాతి సంత దగ్గరకొచ్చింది. అమ్మ ట్రంకుపెట్టె మళ్లీ దులిపింది. ఆ పొద్దున మా దాపటి ఎద్దు, నాగలికి ఎడమ పక్క నడిచేది, గడ్డి ముట్టలేదు. నాయన దాని నోరు తెరిచి చూశాడు. తర్వాత తానే బజారులోకి నడిచి చెప్పాడు.

"మా కొట్టంల పడ్డది. మళ్ల మొదటికెల్లి."

తాడు విప్పేసరికి జబల్‌పూర్ గడువూ పోయింది, దున్నే అదనూ పోతూ ఉంది. ఊళ్లో చాలా ఇళ్లలో జత మిగల్లేదు. మా వలపటి ఎద్దును పక్కింట్లో మిగిలిన ఒంటెద్దుతో కలిపి కట్టాం. అదీ కుడి పక్క నడవడం మరిగినదే. ఎడమకు కడితే సాలు తప్పేది. నాయన మేడి పట్టాడు. నేను ముందు నడుస్తూ దాని ముకుతాడు పట్టుకున్నాను.

"వచ్చే ఏడు పోదువు తీ," అన్నాడు వెనక నుంచి.

"యాడికి?"

"యాడికైతేంది."

చలికాలం మొదట్లో మా తాలూకాను బొంబాయి రాష్ట్రంలో కలిపారు. జబల్‌పూర్ పరాయి రాష్ట్రానిదైంది. తాడు దగ్గరి నుంచి మళ్లిపోయిన మామ ఆ ఏడంతా నది దాటి రాలేదు.