ఎర్రదీపం ముందు ఒప్పుకున్న పాపాలు

ఏళ్ల తరబడి పదిలంగా దాచుకున్న రహస్యాలన్నీ ఒక్క పూటలో, ములుగు రోడ్డు మీద ఎలా పోగొట్టుకున్నానో చెబుతాను. నవ్వండి గానీ, మా ఆవిడకు వినబడేలా మాత్రం నవ్వకండి.

ముందే మనవి. ఇంజన్ల సంగతి నాకు కొత్త కాదు. కాజీపేటలో రైలింజన్లు నడిపి నడిపి రిటైరైనవాణ్ణి. సరే, నడపలేదు. పార్సిల్ ఆఫీసులో కూర్చునేవాణ్ణి. కిటికీలోంచి ఇంజన్లు కనబడేవి.

నాకు గుండె ఆపరేషనైనప్పుడు, బతికి బయటపడితే మేడారం తల్లులకు నా ఎత్తు బంగారం ఇస్తానని మా ఆవిడ యాదమ్మ మొక్కుకుంది. బంగారమంటే బెల్లమే లెండి. మనిషి ఎంత బరువో అంత బెల్లం. మొక్కులో తేడా వస్తే పోయేది నా ప్రాణమే. దేవతల సొమ్ము డిక్కీలో చెప్పుల పక్కన ఉండకూడదని దిమ్మలన్నీ ముందు సీట్లో పేర్చి, యాదమ్మ వెనక కూర్చుంది. నలుగురి చేతులు మారి నాకు దక్కిన పాత కారు మూలుగుతూ బయల్దేరింది.

హనుమకొండ దాటామో లేదో స్టీరింగు వెనక ఎర్రదీపం వెలిగింది. టింగ్ టింగ్ మని మోత. కళ్లద్దాలు సర్దుకుని చూశాను. చిన్న మనిషి బొమ్మ, ఛాతీ మీద అడ్డంగా గీత. సరిగ్గా నా కుట్లున్న చోటే.

"ఏందయ్యా అది?"

"ఇంజన్ వేడెక్కింది. నాకు తెల్వనిదా?"

కారాపి బానెట్ ఎత్తి, కనబడ్డ మూతలన్నీ బిగించి, అలిగిన అల్లుణ్ణి బుజ్జగించినట్టు బ్యాటరీని తట్టాను. మళ్లీ కదిలితే మళ్లీ టింగ్.

"ఇంజన్ వేడెక్కితే మనిషి బొమ్మెందుకొస్తది? అది నువ్వే. మొక్కుల ఏం తప్పు చేసినవ్?"

బెల్లం కొట్టుకు నేనొక్కణ్ణే వెళ్లాను మరి.

"జర తక్కువ తూపిచ్చిన."

"జర అంటే?"

"పెండ్లినాటి బరువు చెప్పిన."

"పెండ్లినాడు వెదురు కట్టె లెక్కుంటివి, ఇప్పుడు వడ్ల బస్తా లెక్కున్నవ్. పానం నిండుగ ఇచ్చిన తల్లులకు సగం మనిషినిస్తవా? నీ పక్కన నా బంగారమెందుకు" అంటూ కారాపించి దిమ్మలన్నీ వెనక్కి మార్చుకుంది. దీపం ఆరింది. ఇద్దరం చేతులెత్తి మొక్కాం.

ములుగులో మిగతా బెల్లం కొన్నాం. వెనక చోటు లేక ముందు సీట్లో పెట్టాం. కారు కదిలింది. టింగ్.

"ఇంకేం దాసినవ్?"

"డాక్టర్ వద్దన్న మిర్చీలు. మాపటికి నడకకని పోయి తింటాన."

"రోజూనా?"

"ఆదివారం బండి పెట్టరు."

దీపం ఆరలేదు. మరదలి పెళ్లినాడు నాకొచ్చిన జ్వరం ఉత్తిదని చెప్పాను. ఆరలేదు. పాపాలు అయిపోయాయి, భయం అయిపోలేదు. చివరికి పక్కింటి ఖాజా వాళ్ల కోడిని కూడా నేనే తిన్నానన్నాను. దాన్ని పిల్లి ఎత్తుకుపోయిందని కాలనీ అంతటికీ తెలుసు.

ఇంతలో ఒక మేక అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టాను. బెల్లం ముందుకు జారింది. యాదమ్మ వెనక నుంచి వంగి, దిమ్మలకు సీటు బెల్టు అడ్డంగా లాగి బిగించింది. దీపం ఆరింది.

ఆమె బెల్టు ఊడదీసింది. టింగ్. మళ్లీ పెట్టింది. నిశ్శబ్దం.

"బొమ్మల ఉన్నది బెల్టేనయ్యా."

"నేను పెట్టుకున్న గదనే."

"బెల్లం పెట్టుకోలె. సీటు మీద బరువుంటే మనిషే అనుకున్నట్టుంది నీ కారు."

"అయితే నేను చెప్పినయన్ని ఉత్తగనే చెప్పిన. ఇడిసిపెడుదామా?"

"కారుకు బెల్టు సరిపోయింది. నాకు సరిపోలె. మిర్చీల కాన్నుంచి మల్ల చెప్పు."

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఇక మీదట కారులో ఏ దీపం వెలిగినా ముందు బెల్టు చూస్తాను, తర్వాత మెకానిక్కును పిలుస్తాను. ఆ కారుకు మంటలంటుకున్నా సరే, యాదమ్మ ముందు మాత్రం నోరు విప్పను.