ఏసీ నీళ్ళలో కారిన ఎరుపు

మీ వరండాలో చిలుక ఉంది. దాన్ని అడవి నుంచి ఎత్తుకొచ్చారు. కొన్నది మీరు కాబట్టి దొంగ కూడా మీరే.

మా పెద్దబావ పోయిన వారం కన్నుమూశాడు. పరామర్శకు వచ్చినవాళ్ళలో కొందరి ఇళ్ళల్లో పంజరాలున్నాయని నాకు తెలుసు. "పాపం, పక్షులంటే ప్రాణం పెట్టేవాడు" అని నిట్టూర్చి వెళ్ళారు. ఆ మాట విన్నప్పటి నుంచీ ఒళ్ళు మండుతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

చమురు ధర కొండెక్కిన ఆ ఏళ్ళలో బావా నేనూ దోహాలో, ఉమ్ ఘువైలినా అనే పేటలో, ఒకే గదిలో ఉండేవాళ్ళం. అక్కడ కొత్తగా లేచిన ప్రతి విల్లాకూ ఒక పంజరం కావాలి. బావది నిర్మల్ వైపు పల్లె. గోడలకు రంగులేసే పని మీద వచ్చాడు. చెయ్యి వణక్కుండా నిదానంగా ఆడుతుందని పక్షుల దుకాణం సేటు తన దగ్గర పెట్టుకున్నాడు. ఆ నిదానం ఎందుకు కావాల్సి వచ్చిందో మొదటిరోజే తెలిసింది.

డబ్బాల్లో దొంగతనంగా వచ్చేవి మన అడవుల చిలుకలు. మగదాని ముఖం గులాబీ కలిసిన ఎరుపు, ఆడదానిది బూడిద రంగు. కొనేవాళ్ళకు ఎర్రముఖమే కావాలి. అందుకని ఆడవాటి ముఖాలకు సన్నటి బ్రష్‌తో ఎరుపు పూయాలి. అదీ బావ డ్యూటీ. కాగితాల్లో మాత్రం అవన్నీ పంజరంలోనే పుట్టినవి! ఆ రాత్రి బావ అన్నం ముట్టలేదు.

"మా ఊరి చిలుకలే బామ్మర్దీ. పొద్దుగాల టేకుచెట్ల మీద గిట్లనే ఒర్రుతయి."

"చిలుకలన్నీ ఒక్కతీర్గనే ఒర్రుతయి బావా."

"అట్లనా? మరి తుమామా పోయే బస్సుల మనోడెవడన్న మాట్లాడితె నువ్వెట్ల గుర్తువడ్తవ్?"

ఎండలు ముదిరాయి. ఆ రంగు ఒంటికి పడక పక్షులు చచ్చిపోతుండేవి. బావ రోజూ గొణిగేవాడు: "గోడకేసేటోణ్ణి. ముఖాలకేసే పనేంది నాకు?" పని పోతే అక్కకేం చెప్తావని భయపెట్టేవాణ్ణి. "చిలుకలకు పౌడరేస్తున్న అని చెప్పమంటవా?" అని నవ్వేవాడు. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే; అక్క మాత్రం, దుబాయ్‌లో మేడలకు రంగులేస్తున్నాడని చెప్పుకునేది.

ఒక శుక్రవారం పొద్దున, సేటు రాకముందు, బావ పంజరాలన్నీ తెరిచాడు. సెలవని వెంట వెళ్ళిన నేను పక్కనే ఉన్నాను. "యల్లా, పోండ్రి!"

రెక్కలు కత్తిరించిన పక్షులు ఎక్కడికి పోతాయి? ఎగరలేక ఎగిరి, కాసేపటికి దుకాణం వెనక గోడకే తిరిగొచ్చాయి. అక్కడ ఏసీల నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి. దాహానికి ముక్కులు తెరుచుకుని వాటి కింద ముఖాలు పెట్టాయి. ఎరుపు కరిగింది. తెల్లగోడ మీద చారలు చారలుగా దిగింది. లోపలి నుంచి బూడిదరంగు ముఖాలు బయటపడ్డాయి.

సేటు వచ్చి గోడ చూశాడు. "కిస్నే ఖోలా?" ఎవడు తెరిచాడని అరిచాడు.

"మైనే," అన్నాడు బావ, తడుముకోకుండా.

సాయంత్రానికి బతికినవి మళ్ళీ పంజరాల్లోకి వెళ్ళాయి. కొద్దిరోజుల్లోనే వీసా రద్దయి బావ విమానమెక్కాడు. మళ్ళీ ఏ వీసా రాలేదు. ఊళ్ళో సున్నాలేసుకుంటూ బతికాడు.

"తాళం తీస్తె అయిపోతదనుకున్న" అనేవాడు. రెక్కలు కత్తిరించినవాటిని అలా వదలడం తప్పని నాతో వాదించే పక్షి ప్రేమికులున్నారు. తప్పే. అయితే పట్టినవాడు, అమ్మినవాడు, కొన్నవాడు హాయిగా ఉన్నారే! మీకు తప్పుపట్టడానికి తలుపు తీసినవాడే దొరికాడా?

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు కిటికీ బయట ఏసీ గొట్టం కారుతోంది. బావ అటే చూస్తూ అడిగాడు.

"ఒక్కటన్న మల్ల అడివి చూసిందంటవా?"

ఆ ప్రశ్న ఇప్పుడు మీది. కాబట్టి సంతాపాలు వద్దు. ఇవి కావాలి:

మీ ఇంట్లో ఉన్న చిలుకను అటవీశాఖకు అప్పగించండి.

పట్టుబడ్డ పక్షులను కెమెరాల ముందు గాల్లోకి విసరకండి. రెక్కలు వచ్చేదాకా సాకి, ఏ అడవిలో పట్టారో ఆ అడవికే చేర్చండి.

తొర్ర ఉన్న ముసలి చెట్టును నరకకండి. వాటి ఇల్లు అదే.

"పంజరంలోనే పుట్టింది" అనేవాణ్ణి తల్లి పక్షిని చూపించమనండి.

ఇవేవీ చేతకాకపోతే, ఈ పూట ఆ పంజరం ముందు కూర్చోండి. గిన్నెలో నీళ్ళు పెట్టండి. అది తాగుతున్నంతసేపూ దాని ముఖంలోకి చూడండి.