నన్ను కాల్చిన అమీన్ సాబ్

మా అమీన్ సాబ్ పోయారు. సోమవారం పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే శామీర్‌పేట ఠాణా జవాను సైకిలు మీద వచ్చి, దిగకుండానే, "జమేదార్ సాబ్, అమీన్ సాబ్ లేడు" అన్నాడు.

"లేకుంటే ఏడికి పోయిండు?" అన్నాను. నిజంగానే నాకు అర్థం కాలేదు. ఆ జవాను సైకిలు గోడకు ఆనించి ముఖం కప్పుకున్నాక కూడా, ఇంకెవరో అమీన్ గురించి చెబుతున్నాడనే అనుకున్నాను.

ముందురోజే కదా, మేడ్చల్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని జొన్నరొట్టె తిన్నారు! పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని నా భార్యతో వాదం పెట్టుకున్నారు! ఈ పొద్దున డ్యూటీకి పోతూ బూటు తాళ్లు కట్టుకోవడానికి వంగారట. అలాగే ముందుకు ఒరిగిపోయారట. జబ్బు లేదు, మూలుగు లేదు. రాస్తున్నాను గానీ, నమ్మలేకుండా ఉన్నాను.

ఆయన గురించి నేనే ఎందుకు రాయాలో ముందు చెప్పాలి. ఆయన శామీర్‌పేట ఠాణాను నడిపే అమీన్, నేను ఆయన కింద జమేదారుగా పనిచేశాను. నా కుడికాలు ఇలా కర్రలాగా బిగుసుకుపోవడానికి కారణం ఆయన చేతి తూటా.

యుద్ధం నడుస్తున్న రోజులవి. అప్పట్లో ఒక్కో ఠాణాలో ఒక్కో రకం రివాల్వరు ఉండేది. ఒకదాని తూటా ఇంకోదానికి పట్టేది కాదు. కొన్నయితే తాతల కాలంనాటివి, పేలితే ఆశ్చర్యం. అమీన్లందరికీ ఇకనుంచి ఒకే రకం ఆయుధం ఇవ్వాలని పైనుంచి హుకుం వచ్చింది. ఏది ఇవ్వాలో తేల్చడానికి ముగ్గురిని వేశారు. జిల్లా పోలీసు పెద్ద అయిన మొహతమీం సాబ్, ఫౌజు నుంచి ఒక కప్తాను, గురి బాగా తెలిసినవాడని మా అమీన్ సాబ్. మా ఠాణాలకు గురి నేర్పేది కూడా ఆయనే.

శామీర్‌పేట చెరువు అవతల బండల మధ్య పరీక్ష పెట్టారు. ఒకవైపు ఆరు తూటాల రివాల్వరు. ఇంకోవైపు కొత్త పిస్తోలు. పిడిలో తూటాల బిళ్ల దోపితే చాలు, ఒకటి పేలగానే రెండోది తనంతట తానే గొట్టంలోకి ఎక్కుతుంది. చెక్కలు నిలబెట్టడం, ఎన్ని తగిలాయో చూసి చెప్పడం నా పని. రెండింటినీ దుమ్ములో దొర్లించారు, బురదలో ముంచారు. పిస్తోలు ఎక్కడా మొరాయించలేదు. మా అమీన్ సాబ్ దాని మీద మనసు పడ్డారు.

"చేతికి అతుక్కపోయింది జమేదార్. గీ రివాల్వరు దీని ముంగట ఎడ్లబండి" అన్నారు నాతో. కొత్త అల్లుడిలాగా మురిసిపోయారు. పిస్తోలే ఇవ్వాలని ముగ్గురూ అక్కడే మాట అనేసుకున్నారు.

ఇక సర్దుకుందామని ఆయన నన్ను చెక్కలు తీయమన్నారు. పిస్తోలు నుంచి బిళ్ల లాగి జేబులో వేసుకున్నారు. నేను వంగాను. ఖాళీ పిస్తోలు కదా అని ఆయన దాన్ని కిందికి వంచి మీట నొక్కారు.

గొట్టంలో ఒక తూటా మిగిలే ఉంది.

అది నా కుడి మోకాలికి తగిలింది. నాకు నొప్పి తెలియలేదు. ఎవరో కాలు కింద నుంచి లాగేసినట్టు కూలబడ్డాను. ఆయన మాత్రం నిలబడిన చోటే నిలబడి, జేబులోని బిళ్లను బయటికి తీసి చూస్తున్నారు. "తీసిన గదా... తీసిన గదా..." అంటున్నారు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. మరుక్షణం పరుగెత్తుకొచ్చి తన రుమాలు నా తొడకు బిగించి కట్టి, ఫౌజు లారీ దాకా నన్ను భుజాన మోశారు.

సికింద్రాబాదు దవాఖానాలో నేను మంచం మీద ఉండగానే ఆ ముగ్గురూ వచ్చారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు. మొహతమీం సాబ్ గొంతు తగ్గించి అన్నారు. "జమేదారు చెప్పకుంట అడ్డమొచ్చిండని రాస్తే అయిపాయె. నీ తరక్కీ సంగతి గూడ సూసుకోవాలె గదా."

కాలూ పోయి, నిందా నా మీదికే వస్తోంది!

"అడ్డం రాలే హుజూర్. చెక్కలు తియ్యమన్నది నేనే. గొట్టంల తూటా ఉన్నదా లేదా అని సూడంది నేనే" అన్నారు మా అమీన్ సాబ్.

కప్తాను కల్పించుకున్నాడు. "అయినా తప్పు పిస్తోలుది కాదు. జవాన్లకు బాగా నేర్పిస్తే సరిపోతుంది."

"నేర్పేటోన్నే నేను సాబ్."



మళ్లీ ఆయనే అందుకున్నారు. "పిస్తోలు మంచిదే. నాకు ఇప్పటికి గూడ పసందే. గని దాంట్ల తూటా ఉన్నదా అంటే యాదికుంచుకోవాలె. రివాల్వరు చక్రం పక్కకు తీస్తే బుడ్డిదీపంల గూడ కండ్లకు కనవడ్తది. నిద్రలేక తూలుతున్న జవాను చేతిల ఏది వెడ్తరో మీరే జెప్పుండ్రి."

రివాల్వరే ఖాయమైంది. తరక్కీ మాత్రం ఆయనకు రాలేదు. అమీన్‌గా ఉన్న మనిషి అమీన్‌గానే పోయారు. మిగతా ఠాణాల వాళ్లు ఆయన్ను తిట్టుకున్నారు కూడా. మేడ్చల్ సంతలో వేరే ఠాణా అమీన్ ఒకాయన నా కర్ర వంక చూసి, "నీ కాలు వల్ల మాకందరికి గీ ఎడ్లబండి రివాల్వరు దొరికింది" అన్నాడు. ఆ నిర్ణయం సరైనదో కాదో తేల్చే తాహతు నాకు లేదు. మా ఠాణాలో ఆ తర్వాత పొరపాటున ఎవరికీ తూటా తగలలేదన్నది మాత్రం నాకు తెలుసు.

దానికి కారణం ఆయన అలవాటు. గస్తీకి పోయే ముందు రివాల్వరు చక్రం తెరిచి, అందరికంటే కొత్తగా చేరిన జవానుకు చూపించేవారు. "నేను సూసిన అనకు. నువ్వు సూసి నాకు జెప్పు" అనేవారు. వాడు పైకి చెప్పేదాకా గడప దాటేవారు కాదు.

నేనేమీ ఆయన్ను వెంటనే క్షమించలేదు. నిజం చెప్పినంత మాత్రాన మోకాలు తిరిగి వస్తుందా? ఉద్యోగం మానుకుని, మా చర్చి బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించే పనిలో కుదురుకునేదాకా నాలో కోపం కుతకుతలాడుతూనే ఉంది. ఆదివారం ఆరాధన ముగిసి మేం ఇంటికి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉండేవారు. నా భార్య ఆయన్ను దాటుకుని లోపలికి పోయి తలుపు వేసుకునేది. ఆయన కాసేపు కూర్చుని, "పోయొస్త జమేదార్" అని వెళ్లిపోయేవారు. ఎండాకాలమంతా అదే తంతు.

ఒకరోజు నా భార్యకే విసుగొచ్చింది. "గింత ఎండల అచ్చి నీళ్లు గూడ అడగకుంట కూసుంటడు. గిదేం మనిషి!" అని చెంబు తీసుకెళ్లి ఆయన పక్కన ఠపీమని పెట్టింది. ఆ చప్పుడుకు ఆయన ఉలిక్కిపడి తన చేతులు చూసుకున్నారు. అది చూసి ఆమె అక్కడే నిలబడిపోయింది. కాసేపటికి, "తాగు అన్నా" అంది. అప్పటినుంచి ఆయన ఆమెకు అన్నే.

ఒకసారి నేనే అడిగాను. "సాబ్, ఆనాడు మీరు ఊ అంటే తరక్కీ వస్తుండె గదా?"

"వస్తుండె" అన్నారు. "ఆ పిస్తోలు గూడ అందరికి వస్తుండె. మల్లొక జమేదారు పడుతుండె. వాని ఇంటిముంగట ఎవలు కూసుంటరు?"

సోమవారం శామీర్‌పేట చేరేసరికి పాడె లేచిపోయింది. నా కాలితో నేను ఎంత ఆత్రపడినా వెనకబడిపోయాను. దారి మధ్యలో, దింపుడు కళ్లం దగ్గర వాళ్లు ఆగి ఉన్నారు. ప్రాణం మిగిలుంటే పలుకుతారేమోనని పోయినవాళ్ల చెవిలో అయినవాళ్లు పిలిచే చోటు అది. ఆయన కొడుకు నాకు ఎదురొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నేను పిలిచిన కాకా. నాయిన పలుకలే. నువ్వు పిలువు" అన్నాడు.

కాలు మడవడం నాకు రాదు. ఇద్దరు జవాన్లు నన్ను పట్టుకుని కిందికి వంచారు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "సాబ్, నేను... జమేదార్‌ను" అన్నాను.

అదే సమయానికి చెరువు మీదినుంచి గాలి వచ్చి, ఆయన మీద కప్పిన తెల్లగుడ్డ ఛాతీ దగ్గర కొద్దిగా లేచింది. పాడె మోసేవాళ్లు, జవాన్లు, కొడుకు, నేను, ఎవరమూ ఊపిరి తీయకుండా ఆ గుడ్డవైపే చూశాం.